ఎర్రటోపీ మారిన సోమవారం

మా సుజానా సాధించిన మొదటి విజయం పదో తరగతి లెక్కల పరీక్ష. 1990లో, మూడోసారికి. మూడోసారికి అన్న మాట దాచకుండా రాస్తున్నాను. మొదటిసారికే గట్టెక్కినవాళ్ళ గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. మొదటి ఏడు తప్పింది. రెండో ఏడు మలేరియా జ్వరంతో వణుకుతూ పరీక్షకు వెళ్ళి, సగం పేపరు రాసి, బల్ల మీదే వాలిపోయింది. మూడో ఏడు మా వంటింటి గోడల నిండా బొగ్గుతో లెక్కలు చేసింది. అలికిన గోడ నల్లబడుతోందని తెరిసమ్మ రోజూ తిట్టేది, రోజూ మళ్ళీ అలికేది. ఆ ఏడు మా వీధి నుంచి లెక్కలు పాసైన ఆడపిల్ల సుజానా ఒక్కతే.

తెరిసమ్మ నా భార్య. సుజానా నా తమ్ముడి కూతురు. ఆ పిల్ల చిన్నతనంలోనే తమ్ముడూ మరదలూ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే మా ఇంట్లో పెరిగింది. మన సంఘం యాభయ్యేళ్ళ పుస్తకానికి పెద్దలం ఒక్కొక్కరం ఒక మనిషి గురించి రాయాలని పాస్టరుగారు చెప్పారు. మిగతావాళ్ళు మిషను దొరల గురించీ, గుడికి స్థలమిచ్చిన వాళ్ళ గురించీ రాస్తున్నారు. నేను మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. నాకు బాగా తెలిసిన మనిషి గురించే రాస్తాను.

లెక్కలు అయ్యాక మిగతావి ఆగలేదు. 1993లో మిషను ఆసుపత్రిలో నర్సమ్మ శిక్షణ పూర్తి చేసింది. 1995లో ప్రభుత్వ ఉద్యోగం వచ్చి తోటగుమ్మి ఉపకేంద్రంలో చేరింది. తోటగుమ్మి అరకు నుంచి జీపులో వెళ్ళే కొండ ఊరు. ఉపకేంద్రమంటే రెండు గదుల పెంకుటిల్లు, ముందు గదిలో మందులు, వెనక గదిలో కాపురం. చుట్టూ ఉన్న గూడేలన్నీ ఆమె పరిధి. 1998లో మోపెడ్ నేర్చుకుంది. మా వీధిలో మోపెడ్ నడిపిన మొదటి ఆడమనిషి ఆమే. నేర్చుకునేటప్పుడు మా కోళ్ళగూడు కూలగొట్టింది, అదీ రాస్తున్నాను. 2001లో తన పరిధిలో టీకా పడని బిడ్డ ఒక్కరూ లేకుండా చేసినందుకు జిల్లా నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. పక్కనే ఉన్న వాళ్ళింటి గోడకు చెమ్మ ఎక్కువని అది మా ముందు గదిలో తగిలించాను. వచ్చినవాళ్ళు చూడవచ్చు. క్రిస్మస్ ఆటల్లో నిమ్మకాయ చెంచా పరుగులో మూడేళ్ళు వరసగా గెలిచింది. తరవాత కడుపుతో ఉండి మానేసింది.

పెళ్ళి 1996లో జరిగింది. అల్లుడు లాజరస్ రంపచోడవరం వైపు పిల్లవాడు. నిదానం మనిషి. కొర్రపుట్టులో ఒకే పంతులు ఉండే బడికి ఆయన పంతులు. కొర్రపుట్టు తోటగుమ్మికి సరిగ్గా ఎదురు కొండ. అరకు మధ్యలో ఉంటుంది. జీపు దిగాక ఎక్కడం ఇంకా ఉంటుంది. ఆయన మాటతీరు మాకు మొదట్లో వింత. "మావయ్యగారండీ, అన్నం తిన్నారాండీ?" అని అడిగేవాడు. తెరిసమ్మ వంటింట్లోంచి, "ఆ అండీలన్నీ ఏరి గంపలో పోస్తే సంతలో అమ్మీగలను," అనేది.

వాళ్ళకిద్దరు ఆడపిల్లలు. పెద్దది జాయ్, చిన్నది వెన్నెల. జాయ్ పేరు పాస్టరుగారు పెట్టారు. వెన్నెల పేరు లాజరస్ పెట్టుకున్నాడు. ఇద్దరికీ మధ్య రెండేళ్ళ తేడా ఉన్నా ఎత్తు ఒకటే. జాయ్ తల్లిలాగా సన్నగా, పొట్టిగా ఉంటుంది. వెన్నెల తండ్రిలాగా బొద్దుగా ఎదిగింది.

ఇప్పుడు వాళ్ళ కాపురం ఎలా నడిచేదో చెబుతాను. తల్లి ఒక కొండ మీద, తండ్రి ఇంకో కొండ మీద. అరకులో మా పక్కిల్లు వాళ్ళది. అందులో నలుగురూ కలిసి ఉండేది శనివారం సాయంత్రం నుంచి సోమవారం తెల్లవారేదాకా మాత్రమే. తోటగుమ్మిలో బడి లేదు కనక బడీడు వచ్చాక జాయ్ తండ్రితో కొర్రపుట్టు వెళ్ళింది. చిన్నది కనక వెన్నెల తల్లితో ఉంది. అక్కచెల్లెళ్ళు కలుసుకునేది వారానికి ఒకసారి. శనివారం రాత్రంతా వాళ్ళ కిచకిచలు మా గోడ ఇవతలికి వినిపించేవి. ఆదివారం ఆరాధన అయ్యాక సుజానా కూతుళ్ళిద్దరినీ వరసగా కూర్చోబెట్టి, తలలకు నూనె రాసి, పేలు దువ్వి, జడలేసేది. లాజరస్ బట్టలు ఉతికి దండెం మీద ఆరేసేవాడు. సాయంత్రానికి రెండు సంచులు తయారయ్యేవి. ఒకదాంట్లో అంబలికి చోడిపిండి, జాయ్ గౌనులు, చాక్‌పీసులు. ఇంకోదాంట్లో చోడిపిండి, వెన్నెల గౌనులు, దూది.

సోమవారం తెల్లవారకముందే బయలుదేరాలి. జీపులు నిండితే ఆగవు. మన చలికాలం సంగతి మీకు తెలుసు. పొగమంచులో ఎదుటి మనిషి మొహం ఆనదు, కరెంటు ఉండదు. పిల్లల్ని నిద్ర లేపితే ఏడుపు. అందుకని వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆదివారం పడుకునేముందే పిల్లలకు స్వెట్టర్లు తొడిగి, మంకీ టోపీలు పెట్టి, దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టేవారు. జాయ్‌ది ఎర్రటోపీ, వెన్నెలది నీలం టోపీ. పొద్దున్నే బ్యాటరీ లైటు వేసి, ఎర్రటోపీని తండ్రి భుజాన వేసుకునేవాడు, నీలం టోపీని తల్లి వేసుకునేది. జంక్షన్ దాకా కలిసి నడిచి, చెరో జీపు ఎక్కేవారు. పిల్లలు కొండ మీదికి చేరాకే కళ్ళు తెరిచేవారు. రెండేళ్ళు ఈ పద్ధతిలో ఒక్క పొరపాటూ జరగలేదు.

కిందటి క్రిస్మస్ అయ్యాక సుజానాకు కబురు వచ్చింది. సూపర్‌వైజరు పదోన్నతికి ఆమె వంతు వచ్చిందనీ, ముందు విశాఖపట్నంలో ఆరు నెలలు శిక్షణ ఉంటుందనీ, జనవరి నెలాఖరులోగా వస్తాననో రాననో చెప్పాలనీ. శిక్షణ పూర్తయితే అరకు ఆసుపత్రిలోనే పని. లాజరస్ ఇక్కడి బడికి బదిలీ పెట్టుకోవచ్చు. నలుగురూ ఒక ఇంట్లో ఉండవచ్చు. రానంటే ఆ వంతు తరవాతి మనిషికి పోతుంది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అరుగు మీదే మాట్లాడుకున్నారు. పిల్లలు పక్కనే జామచెట్టు దగ్గర ఆడుకుంటున్నారు.

"నాను ఎల్లలేను పెదనాన్నా," అంది సుజానా. "జాయ్ సంగతి నాకు బెంగ లేదు. అది వాళ్ళ నాన్న దగ్గర అలవాటు పడిపోనాది. ఇది అలా కాదు. ఒక్క రాత్రి నన్ను ఇడిసి ఉండలేదు. నా చెవి పట్టుకుంటే గానీ నిద్రపోదు."

"చెవి కోసి ఇచ్చి వెళ్ళు," అన్నాడు లాజరస్.

"మీరు మేష్టారా, మాంసం కొట్టోడా?"

తెరిసమ్మ ఆ సమయానికి చేటలో రాళ్ళు ఏరుతోంది. "ఉన్న ఉద్యోగం సాలదేటి? ఆరు నెల్లు పిల్లల్నొగ్గీసి పట్నంలో సదువుకుంటాదట. ఇద్దరు బిడ్డల తల్లికి బడేటే?" అంది.

"నువ్వు అలికిన గోడ మీద సదూకున్నదాన్ని గదా పెద్దమ్మా, ఎక్కడైనా సదూతాను," అంది సుజానా. తరవాత నవ్వలేదు. "సదూకి భయం కాదు. వెన్నెలకి భయం."

నేను వెళ్ళమన్నాను. నువ్వు వచ్చాక అందరం ఇక్కడే ఉండవచ్చని లాజరస్ వెళ్ళమన్నాడు. ఆమె నెలాఖరుకు రానని చెప్పేస్తానంది. దాని మీద ఇంక మాట లేదు.

ఆ రాత్రి ఎప్పటిలాగే పిల్లలకు టోపీలు పెట్టి పడుకోబెట్టారు. పొద్దున్నే ఎర్రటోపీ తండ్రి భుజం మీదికి, నీలం టోపీ తల్లి భుజం మీదికి వెళ్ళాయి. రెండు జీపులూ కదిలాయి.

లాజరస్ జీపు దిగి కొర్రపుట్టు ఎక్కుతుంటే సగం దారిలో పొద్దెక్కింది. పొగమంచు విడిపోయింది. భుజం మీద పిల్ల కదిలి, "నాన్నా, ఆకలేస్తాంది," అంది. ఆ గొంతు జాయ్‌ది కాదు. టోపీ పైకి లాగి చూశాడు. లోపల వెన్నెల ఉంది.

"నువ్వేంటే?" అన్నాడట.

"నాను వెన్నెల్ని," అందట, తండ్రికి కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు.

వెనక్కి వెళ్ళడానికి లేదు. బడి ముందు పిల్లలు చేరిపోయి ఉంటారు. సుజానా జీపు ఈపాటికి అటు కొండ ఎక్కేసి ఉంటుంది. పిల్లను ఎత్తుకుని ముందుకే నడిచాడు.

అటు తోటగుమ్మిలో సుజానా ఉపకేంద్రం తాళం తీసి, పిల్లను మంచం మీద దించి, టోపీ తీసింది. ముందు పళ్ళు రెండు ఊడిన జాయ్ కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. మోసిన తల్లికి తెలియదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. "నీలం టోపీ ఎవలికుంటే అదే వెన్నెల, పెదనాన్నా. రెండేళ్ళ నుంచి మొహం సూసి ఎత్తుకున్నానేటి?" అంది.

జాయ్ దగ్గరుందంటే వెన్నెల తండ్రి దగ్గరుందని వెంటనే అర్థమైంది. అర్థమైనా వెళ్ళడానికి లేదు. ఆ రోజు గర్భిణులకు ఇంజెక్షన్లు. జనం వచ్చి కూర్చున్నారు. యర్రమ్మ అనే ముసలి మంత్రసాని అందరికంటే ముందు వచ్చి కూర్చునే మనిషి. రోజూ వెన్నెలను ఒళ్ళో పెట్టుకునేది ఆమే. జాయ్‌ను చూసి నోరు తెరిచింది.

"ఏటి నర్సమ్మా, శనోరం బుగ్గలేసుకుని ఎలిపోనాది గుంట. రెండు రోజుల్లో బుగ్గలూ పోనాయి, పళ్ళూ పోనాయి. తిండెట్టనేదా?"

"ఇది పెద్దది, యర్రమ్మా. మారిపోనారు."

"పిల్లలు మారిపోడమేటి తల్లీ! మేక పిల్లల్ని సంతలో మారిపోకుండా సూసుకుంటాం మేం."

ఆ మాటకు అక్కడున్న గర్భిణులంతా నవ్వారట. సుజానా కూడా నవ్వింది గానీ, మధ్యాహ్నం అన్నం తినలేదు.

మర్నాడు భీముడి జీపు తోటగుమ్మి వచ్చింది. భీముడు రెండు కొండల మధ్యా జీపు తిప్పే కుర్రవాడు, కబుర్లన్నీ వాడి నోటనే తిరుగుతాయి. జీపు ఆపకుండానే కేకేశాడు. "అమ్మగోరూ! సరుకు మారిపోనాదని మేష్టారు సెప్పమన్నారు. పాడవనేదు, బాగానే ఉందని కూడా సెప్పమన్నారు!"

"రాత్రి పడుకుందేటి?" అని సుజానా జీపు వెంట పరిగెత్తింది.

"మేష్టారి చెవి సూసినాను. ఎర్రగుంది. పడుకునే ఉంటాది!"

ఆ వారం కొర్రపుట్టులో ఏం జరిగిందో లాజరస్ చెప్పాడు. మొదటి రాత్రి వెన్నెల కాసేపు ఏడ్చింది. తండ్రి చెవి ఇస్తే, "ఇది గరుగ్గా ఉంది," అని వంక పెట్టింది. తరవాత పట్టుకుంది. రెండోనాడు బడిలో ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చుని అ ఆలు దిద్దింది. మూడోనాటికి బడి గంట తనే కొడతానని పోట్లాడింది. గంట ఎప్పుడు కొట్టాలో తెలియక మధ్యాహ్నం అన్నానికి ముందే బడి వదిలేసింది. పిల్లలు ఇళ్ళకు పరిగెత్తారు. లాజరస్ వాళ్ళను కూడగట్టేసరికి సాయంత్రమయింది.

తోటగుమ్మి సంగతి వేరు. జాయ్ తల్లిని వదల్లేదు. గూడేలకు వెళితే వెనకే నడిచింది, మోపెడ్ మీద నడుము గట్టిగా పట్టుకుని కూర్చుంది. టీకాల పెట్టె మోస్తానంది. నీళ్ళకు వెళ్ళినా, పొయ్యి దగ్గర కూర్చున్నా కొంగు పట్టుకునే ఉంది. రాత్రి తల్లి చెవి పట్టుకుంది. "నీకూ చెవి కావాలేటే? నువ్వు పెద్దదానివి గదా," అని సుజానా అడిగితే, "అడగనేదు గానీ, కావాలి," అందట. బెంగ లేదనుకున్న పిల్లకే బెంగ ఉందని రెండేళ్ళకు తెలిసింది.

శనివారం సాయంత్రం నలుగురూ అరకు చేరారు. మా ఇంట్లోనే భోజనాలు. తెరిసమ్మ కోడి కోసింది. పిల్లలు మారిపోయిన ముచ్చట మొత్తం వీధి విన్నదే కనక ఇరుగుపొరుగు కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"అసలు టోపీలు ఎలా మారాయండీ అంట? నేను పెట్టిందైతే ఎర్రటోపీ జాయ్‌కే పెట్టాను," అన్నాడు లాజరస్.

"ముసుగులో పిల్లి దూరి మార్సింది," అంది తెరిసమ్మ.

వెన్నెల కోడికాలు నోట్లోంచి తీసింది. "పిల్లి కాదు. అక్క. నాకు ఎర్రటోపీ ఎట్టీసి, నోరు మూసుకుని తొంగోమంది. జీళ్ళు ఇస్తానంది. ఇవ్వనేదు."

అందరూ జాయ్ వైపు తిరిగారు. జాయ్ కంచంలో వేళ్ళు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఎందుకు సేసినావే?" అని తల్లి మెల్లగా అడిగింది.

"నువ్వు పట్నం ఎలిపోతావు గదా."

"ఎవలు సెప్పారు?"

"తాతా వాళ్ళతో అరుగు మీద సెప్పినావు. జామచెట్టెక్కి ఇన్నాను. ఆరు నెల్లన్నారు." జాయ్ ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది. "అది రోజూ నీ దగ్గరే ఉంటాది. నాను ఎప్పుడూ నాన్న దగ్గరే. నువ్వు ఎల్లీముందు ఒక్క వారమేనా నాకు ఉండకూడదేటి?"

ఆ పిల్ల చెట్టు మీద సగమే వింది. తల్లి వెళ్ళనందన్న సగం వినలేదు. లాజరస్ తల వంచుకున్నాడు.

సుజానా ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. "నాను ఎల్లనులే అమ్మా. ఎక్కడికీ ఎల్లను. ఎల్లనని సోమారం కబురెట్టీస్తాను."

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. తెరిసమ్మ, "అదీ మాట," అని కూర వడ్డించబోయింది. జాయ్ మాత్రం ముఖం చిట్లించి, లెక్క తప్పినప్పుడు వాళ్ళమ్మ చిన్నప్పుడు చూసినట్టు చూసింది.

"ఎల్లకపోతే ఏటవుద్ది?" అని అడిగింది.

"ఏటీ అవదు. ఇలాగే ఉంటాం."

"ఇలాగేనా? మళ్ళీ సోమారం నాను నాన్నతోనే ఎల్లాలా? ఆ పై సోమారం కూడా?"

సుజానా జాయ్ చెంప మీది మెతుకు తుడిచింది.

"ఎల్తే, వొచ్చీసాక అందరం ఇక్కడే ఉంటామని నాన్న అన్నాడు. అదీ ఇన్నాను," అంది జాయ్. "అయితే ఎల్లు. బేగి ఎల్లి బేగి రా. ఎల్లకపోతే నాకేటి లాభం?"

వాకిట్లో ఎవరో ఫక్కున నవ్వారు. లాజరస్ నవ్వలేదు. "దాని లెక్క రైటేనండీ," అన్నాడు సుజానాతో.

సుజానా ఇద్దరు కూతుళ్ళనూ మార్చి మార్చి చూసింది. "మరి నువ్వే?" అని వెన్నెలను అడిగింది.

వెన్నెల తండ్రి వైపు చూసింది. "నాన్న చెవి పరవానేదు," అంది. "గంట నానే కొడతాను."

"గంట నువ్వు కొట్టకు తల్లీ, నీకు దండం పెడతాను," అన్నాడు లాజరస్.

చివరికి తెరిసమ్మే మాట తేల్చింది. కూర గిన్నె కింద పెట్టి, "సరే, ఎల్లు. ఆదివారాలు పేలు నాను దువ్వుతాను. నీ కన్నా నాను దువ్వితేనే పేలు పోతాయి," అంది. సోమవారం సుజానా వస్తానని కబురు పెట్టింది.

ఆ సోమవారం నుంచి టోపీల పద్ధతి మారింది. వెళ్ళేలోపు ఉన్న వారాల్లో పిల్లలు వంతులు వేసుకున్నారు. ఒక వారం జాయ్ తల్లి దగ్గర, ఒక వారం వెన్నెల. టోపీ రంగు ఎవరిదైనా సరే, బ్యాటరీ లైటు వేసి మొహం చూసి మరీ ఎత్తుకున్నారు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం సంఘమంతా ఆమె కోసం ప్రార్థన చేసింది. ఆ మధ్యాహ్నమే రైలెక్కింది. వెన్నెల రైలు కూత వినగానే ఏడుపు మొదలుపెట్టింది. జాయ్ చెల్లెలి నోట్లో బెల్లం జీడి పెట్టింది, బాకీ తీరిందని చెప్పింది. రైలు సొరంగంలోకి పోయేదాకా తను ఏడవలేదు. ఇంటికి వచ్చి నీలం టోపీ మొహాన పెట్టుకుని పడుకుంది.

పిల్లలిద్దరూ ఇప్పుడు కొర్రపుట్టులో తండ్రి దగ్గరే ఉన్నారు. అక్కచెల్లెళ్ళు రోజూ కలిసి ఉండడంతో శనివారం కిచకిచలు తగ్గాయి, పోట్లాటలు పెరిగాయి. వేసవి సెలవులు మా ఇంట్లో గడిపారు. బడులు తెరిచాక వెన్నెల పేరు ఒకటో తరగతిలో రాసుకున్నారు. లాజరస్‌కు చెవులు రెండు కనక ఇద్దరికీ సరిపోతున్నాయి. నిద్రలో అటూ ఇటూ తిరగడానికి మాత్రం వీల్లేదని వాపోతాడు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక జంక్షన్‌లో ఫోను బూతు దగ్గర అందరం నిలబడతాం. సుజానా ఫోను చేస్తుంది. మొదట జాయ్, తరవాత వెన్నెల, తరవాత లాజరస్, చివర తెరిసమ్మ. నా వంతు వచ్చేసరికి లైను పోతుంది. అయినా మొన్నటి ఆదివారం నాకు కూడా దొరికింది. మధ్యలో జరిగిన పరీక్షలో తరగతిలో రెండో స్థానం వచ్చిందని చెప్పింది.

"ఈసారి మొదటిసారికేనా అమ్మా?" అని అడిగాను.

"మొదటిసారికే, పెదనాన్నా," అంది.

దీన్నీ ఆమె విజయాల్లో చేర్చాలని పాస్టరుగారిని కోరుతున్నాను. అరకులో పని ఖాయమేనని చెప్పారట. లాజరస్ బదిలీ అర్జీ పెట్టాడు. పక్కింటి గోడకు చెమ్మ ఉన్నచోట సున్నం కొట్టించాను, ప్రశంసాపత్రం ఇంక వాళ్ళింట్లోనే తగిలించుకోవచ్చు. జాయ్ నన్ను ప్రతి శనివారం క్యాలెండరు దగ్గరికి తీసుకెళ్ళి ఒక్క గడి చూపిస్తుంది. దాని చుట్టూ ఎర్రరంగు తనూ, నీలం రంగు వెన్నెలా గీశారు. సుజానా విశాఖపట్నం నుంచి వచ్చే పాసింజరులో అరకు స్టేషన్‌లో దిగేది 2005 ఆగస్టు 6, శనివారం.